చుట్టాల ఇళ్ల మీదుగా కాళేశ్వరం

"ఖర్చేం లేదమ్మా" అనే మాట ఎవరి నోట విన్నా ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఖర్చు లేని పని లోకంలో లేదు. మన సంచీలోంచి పోలేదంటే ఎవరి ఒంట్లోంచో పోయిందన్నమాట. ఈ సంగతి నాకు యాభై ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది. అప్పటిదాకా నేను కూడా చుట్టాల ఇల్లంటే ఊరకే దొరికే చోటనే అనుకున్నాను. నా ఇల్లే ముప్పై ఎనిమిదేళ్లు అలాంటి చోటుగా నడిచినా, నాకు ఆ బుద్ధి పుట్టలేదు.

మాది దేవరుప్పుల దగ్గర ఊరు. ఇల్లు రోడ్డు మీదే, బస్సు మా గేటు ముందే ఆగుతుంది. జనగామ మార్కెట్‌కు పత్తి వేసుకుపోయేవాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు, పిల్లకు సంబంధం చూడబోయేవాళ్లు, అందరూ మా వాకిట్లో కాళ్లు కడుక్కుని పోయేవాళ్లే. మా ఆయన వైపు బలగం పెద్దది. వస్తూ వస్తూనే "ఏం చేయకే, చాయ తాగి పోతం" అనేవాళ్లు. మా దగ్గర ఆ మాటకు అర్థం అన్నవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టమని. నిజంగానే చాయ ఒక్కటే ఇచ్చి పంపితే, ఆ మాట పదేళ్లు పెళ్లిళ్లలో చెప్పుకుంటారు. నేను ఎవరినీ అలా పంపలేదు. జ్వరంతో వండాను. బాలింతగా వండాను. మా నాయిన పోయిన కబురు వచ్చిన పూట కూడా, ఇంట్లో కూర్చున్న నలుగురికి అన్నం పెట్టిగానీ బస్సెక్కలేదు. "రోడ్డు మీది ఇల్లు, ఆమె చేయి మంచిది" అని పేరు వచ్చింది. ఆ పేరుకు మురిసిన రోజులు తలచుకుంటే, మిగతా అందరికంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

యాత్ర ఆలోచన నా కొడుకుది. జనగామలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. కోడలు ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. మనవరాలికి ఏడేళ్లు, మనవడికి నాలుగు. బడిలో తోటి పిల్లలు ఎక్కడెక్కడో తిరిగి వచ్చి చెబుతుంటే, ఇద్దరూ ఇంటికొచ్చి తండ్రిని సతాయించేవారు. దసరా సెలవుల్లో వాడికి నాలుగు రోజులు తీరిక దొరికింది. స్నేహితుడొకడు తన పాత కారు ఇస్తానన్నాడు. ఒక సాయంత్రం ఫోన్ ముందేసుకుని కూర్చుని మాకు అంతా వివరించాడు.

"పిల్లలతోని తిరుగుడంటె ఉరుకులాట గాదమ్మా. రోజుకు రెండు మూడు గంటలే బండి నడపాలె. గంటకోసారి ఆపి పిల్లల్ని ఆడనియ్యాలె. తినేటియి ఇంటికెంచే తీస్కపోవాలె."

"మరి పండేదెక్కడరా?"

"గదే మనకున్న లాభం. వేరేటోళ్లకు లాడ్జి ఖర్చు. మనకు చుట్టాలున్నరు గద. మొదలు రెండు రోజులు మానుకోటల చిన్నమ్మ ఇల్లు. ఆడికెంచి భీముని పాదం జలపాతం చూసుకుంట భూపాలపల్లిల మేనత్త ఇల్లు. తెల్లారి కాళేశ్వరం పోయి గోదావరిల తానం. ఖర్చేం లేదమ్మా, డీజిలే."

కోడలు తలెత్తకుండా బట్ట కత్తిరిస్తూనే అంది: "జలపాతం ఒకటి, నది ఒకటి, వంటిండ్లు రెండు చూపిస్తడట అత్తమ్మా మీ కొడుకు."

"వంటింట్లకు నిన్నెవలు పొమ్మన్నరే?" అన్నాడు వాడు.

"ఎవలనాలె? పోకుంటె అంటరు."

నేను నవ్వాను. అప్పుడే ఆ పిల్ల మాట చెవికెక్కించుకోవాల్సింది. కానీ నా మనసు మానుకోట మీద ఉంది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. అక్కడ మా చెల్లెలు ఉంది. నా కంటే ఆరేళ్లు చిన్న. ఐదు వారాల కిందట ఆమెకు గర్భసంచిలో గడ్డలున్నాయని ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. అప్పుడు నేను ఒక పూట పోయి, దవాఖాన మంచం పక్కన బత్తాయిలు వలిచి పెట్టి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను. ఇంటి దగ్గర బర్రెలు, పొలం. మళ్లీ పోలేకపోయాను. ఈ యాత్ర పేరుతో రెండు రోజులు దాని దగ్గర కూర్చోవచ్చని నా ఆశ.

మూడు రోజుల ముందు నేనే ఫోన్ చేశాను.

"చెల్లే, బుధారం పొద్దుగాల వస్తున్నం. నువ్వేం చేయకు. తినేది సుత మేమే తెచ్చుకుంటం."

"గట్లనే రాండ్రి అక్కా" అని నవ్వింది. "నేనేం చేస్త?"

ఫోన్ పెట్టేసి నిశ్చింతగా పాలు పిండడానికి పోయాను. ఏం చేయకు అనే మాట ముప్పై ఎనిమిదేళ్లు విన్నదాన్ని. విన్న ప్రతిసారీ లేచి బియ్యం కడిగినదాన్ని. అదే మాట నేను అంటే మాత్రం నా చెల్లెలు కాళ్లు చాపుకుని పడుకుంటుందని ఎలా అనుకున్నాను? అవతలివైపు నిలబడేసరికి నాకూ అందరి చెవుడే పట్టింది.

మా ఆయన బర్రెలను విడిచి రానన్నాడు. మేము ఐదుగురం బుధవారం పొద్దున బయలుదేరాం. చెలకల్లో పత్తి అప్పుడప్పుడే పగులుతోంది. పాలకుర్తి దాటాక, కొడుకు చెప్పినట్టే, ఒక కల్వర్టు దగ్గర బండి ఆపాడు. పిల్లలు దిగి గొర్రెల మంద వెంట పడ్డారు. గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్న ఒకామె దగ్గర పది కాయలు తీసుకున్నాం. మనవడు గింజలు ఎంత దూరం ఊస్తాడో చూడమని ఒక్కొక్కరినీ పిలిచాడు. కోడలు కల్వర్టు గోడ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ పులిహోర తిన్నది. ఆ పిల్ల కాళ్లు ఊపగా నేను పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో చూడలేదు. మళ్లీ కారెక్కాక రోడ్డు పక్క బోర్డులు నేనూ మనవరాలూ పోటీపడి చదివాం. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మా మహిళా సంఘం గదిలో, మధ్యాహ్నం పూట. చిన్న మాటలు గబగబా చదువుతాను, పెద్ద మాటలకు కాస్త నిలబడతాను. నేను "తొర్రూ" అనేలోపే అది "తొర్రూరు" అని చప్పట్లు కొట్టేది.

ఆ రెండు గంటలు బాగున్నాయి. కోడలు నాలుగు గంటలకే లేచి పులిహోర కలిపిన సంగతి పక్కన పెడితే, ఆ రెండు గంటలకు ఎవరి ఒళ్లూ పులిసిపోలేదు.

తొర్రూరు దాటగానే మరిది ఫోన్. మా చెల్లెలి భర్త. డోర్నకల్ జంక్షన్‌లో చాలా ఏళ్లు రైల్వే పని చేసి, రిటైరై, మానుకోటలో పట్టాల దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లయి పోయాయి. ఇంట్లో వాళ్లిద్దరే.

"ఏడికొచ్చిండ్రు? మటన్ ఉడుకుతాంది, జల్ది రాండ్రి!" అని కారంతా వినపడేలా అరిచాడు.

"మటన్ ఎవలు వండుతున్నరు?" అని అడిగేలోపే పెట్టేశాడు.

"చూసినవా అమ్మా, చిన్నాయిన ఎంత సంబురపడుతున్నడో" అన్నాడు నా కొడుకు.

మేము పోయేసరికి మరిది గేటు బయటే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. పిల్లలను ఎత్తుకున్నాడు, కొడుకు భుజం తట్టాడు. నేను చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయాను. చెల్లెలు పొయ్యి మీది నుంచి అన్నం గంజు దింపుతోంది. పది మందికి సరిపోయే గంజు. చీర చెంగు నడుముకు బిగించి, రెండు చేతులా పట్టి, పొట్టకు ఆనించుకుని, గంజి వార్చడానికి వంచుతోంది. నేను పోయి లాక్కున్నాను. వేడి గంజి నా కాలి మీద చిమ్మింది.

చుట్టూ చూశాను. ఒక పళ్లెం నిండా తీపి గరిజెలు. బుట్టలో గారెలు. పెద్ద గిన్నెలో మటన్. మూలన గ్రైండర్, దాని చుట్టూ ఎండిన పిండి.

"గిదేందే చెల్లే? ఏం చేయకన్న గద!"

"ఏం చేసిన్నక్కా? నాలుగు గారెలేసిన. పిల్లలు నా ఇంటికెంచి ఒట్టి చేతులతోని పోతరా?"

ముందు గదిలోంచి మరిది గొంతు, గొప్పగా: "వదినే, నువ్వు ఫోన్ చేసిన కాడికెంచి మీ చెల్లె కాలు నిలుస్తలేదు! మూడు రోజుల సంది పొయ్యి ఆరలే మా ఇంట్ల!"

చెల్లెలు నీళ్లు తాగుతానని వెనక వసారాలోకి పోయింది. వెంట పోయాను. గోడ పట్టుకుని, పొత్తికడుపు మీద చేయి ఒత్తుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయి పసుపు రంగుకు తిరిగింది.

"ఏమైందే?"

"ఏం గాలే."

"నా మీద ఒట్టు, చెప్పు."

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మల్ల ఎర్రగ అవుపడుతాందక్కా."

"ఎప్పటి సంది?"

"నువ్వు ఫోన్ చేసిన తెల్లారి సంది."

ఎవరైనా చెంప మీద కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు. ఆ మాటలో నింద కూడా లేదు. అడిగితే లెక్క చెప్పింది, అంతే.

దవాఖాన కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. అల్మారాలో ప్లాస్టిక్ కవరులో ఉన్నాయంది. ఇంగ్లీషు కాగితాలు నాకు తెలియవు. అడుగున ఒక తెలుగు కాగితం ఉంది. దాన్ని పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. మరిది, నా కొడుకు కుర్చీల్లో ఉన్నారు. వాళ్ల ముందు చాయ కప్పులు. నిలబడి, వేలు పెట్టి, పైకి చదివాను. మూడు నెలల వరకు బరువులు ఎత్తరాదు. ఎక్కువసేపు నిలబడరాదు. గొంతుక్కూర్చోరాదు. రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావలెను. చదవడానికి చాలాసేపే పట్టింది. ఇద్దరూ చాయ తాగడం ఆపారు.

"గిది చదివినవా?" అని మరిదిని అడిగాను.

"చదివిన వదినే. అచ్చు కాగితమది. అందరికి అదే ఇస్తరు."

"అందరికి ఇస్తె నీ పెండ్లానికి ఇయ్యనట్టేనా?"

"నేనేమన్న వండుమన్ననా? ఆమెనే ఊకుంటలేదు."

"మటన్ ఎవలు తెచ్చిండ్రు?"

"నేనే."

"రెండు కిలోలు తెచ్చి పొయ్యి కాడ పెట్టి, వండుమన్లే అంటవా? నువ్వన్న వండాలె, కుక్కకన్న వెయ్యాలె."

ఆయన ముఖం ఎర్రబడింది. "చుట్టమొస్తె అన్నం పెట్టకుంటె మా ఇజ్జతేం గావాలె వదినే? రేపు మీ ఊర్ల మీరే అంటరు."

"నీ ఇజ్జతు ఆమె కడుపుల కుట్ల మీద నిలవడ్డదా?"

"అమ్మా, జర మెల్లగ" అన్నాడు నా కొడుకు. "పక్కింటోళ్లు వింటరు."

"విననీ. నువ్వు నోరు ముయ్యి. లాడ్జి ఖర్చు మిగిలిందన్నవు గద. ఏడికెంచి మిగిలిందో పోయి వసారాల చూడుపో."

వాడికి అప్పటికీ అర్థం కాలేదు. కోడలికి అయింది. ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి పోయి పొయ్యి ఆర్పేసి వచ్చింది.

అన్నిటికంటే కష్టమైన మాట అన్నది చెల్లెలే. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. "నా ఇంటికొచ్చి నన్నే బజార్ల పెడుతున్నవక్కా. ఆపరేషనైతె అక్క పిల్లలకు బుక్కెడన్నం పెట్టలేనిదాన్నైపోయిన్నా? ఇన్నేండ్లకొస్తివి. తిని నాలుగు మంచి మాటలు మాట్లాడి పోరాదు?"

దానికి ఏమనాలి? నేనైనా అదే అనేదాన్ని. నేను బాలింతగా వండుతున్న రోజు ఎవరైనా నా చేతిలో గరిటె లాక్కుంటే, మంచి చేశారని అనుకునేదాన్ని కాదు, అవమానం అనుకునేదాన్ని. మమ్మల్ని అలా పెంచారు. పెట్టే చేయి ఆగితే మనిషి ఆగిపోయినట్టే అని. దాని ముఖం చూస్తే జాలి కలిగింది, జాలి వెనకే కోపం ముంచుకొచ్చింది.

"కార్ల ఎక్కు. దవాఖానకు పోదం" అన్నాను.

"మీరు తిన్నంక పోదం."

"ఎక్కుతవా, ఎత్తుకపోవాల్నా?"

ఎక్కింది. నా కొడుకు కారు తీశాడు. మరిది ముందు కూర్చున్నాడు. పిల్లలు కోడలితో ఇంట్లో ఆగారు. గేటు మూస్తుంటే మనవరాలు అడిగింది: "నానమ్మా, జలపాతం కాడికేనా?"

దవాఖానలో గంటసేపు బెంచీ మీద కూర్చున్నాక పిలిచారు. డాక్టరు చిన్న వయసు పిల్ల. లోపల పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, "ఏం పని చేశారమ్మా?" అని అడిగింది.

"ఏం చేయలే మేడం" అంది మా చెల్లెలు.

"మూడు రోజుల సంది పిండి రుబ్బి గారెలు, గరిజెలు చేసింది. ఇయ్యాల పది మంది అన్నం గంజు ఎత్తింది" అన్నాను నేను. చెల్లెలు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను.

మానుతున్న చోట లోపల మళ్లీ పచ్చి అయిందట. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, మందులు ఇస్తాను, కానీ పదిహేను రోజులు మంచం దిగొద్దు, మళ్లీ ఇలా చేస్తే మాత్రం కుట్లు వేయాల్సి వస్తుంది అని చెప్పింది. "ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగింది.

"నేనున్న మేడం" అన్నాడు మరిది.

"మీకు వంట వచ్చా?"

డాక్టరమ్మ పరాచికమాడిందనుకుని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాగితం మీద రాస్తూ, "నేర్చుకోండి" అంది.

ఇంటికి వచ్చాక ఆ అన్నమే తిన్నాం. పారేయలేం కదా. మటన్ రుచిగా ఉంది. అది ఇంకా కోపం తెప్పించింది. మా చెల్లెలి చేయి నా కంటే మంచిది. తింటున్నంతసేపూ అది మంచం మీది నుంచి తల ఎత్తి, "చిన్నోనికి ఇంకింత వెయ్యిండ్రి" అంటూనే ఉంది.

చేయి కడుక్కుని చెప్పాను. "నేను పదిహేను రోజులు ఈడనే ఉంట. మీరు రేపు పొద్దున జలపాతం చూసుకొని కాళేశ్వరం పోండ్రి. భూపాలపల్లికి ఫోన్ చేసి ఇంటికి వస్తలేమని చెప్పు."

"మేనత్త ఊకుంటదా అమ్మా? వాళ్లింటి ముంగట్నుంచి పోయి ఇంట్లకు పోకుంటె?"

"ఆడ వండేది మేనత్తనా?"

వాడు తల దించుకున్నాడు. మేనత్త అంటే మా ఆడబిడ్డ, మా ఆయన అక్క. ఆ ఇంట్లో వండేది ఆమె కోడలు. ఎనిమిది నెలల పసిదాన్ని చంకనేసుకుని వండుతుంది. మొన్న పెళ్లిలో చూశాను, నిలబడే కునికిపాట్లు పడుతోంది.

"లాడ్జికి పైసలు?" అన్నాడు.

"కాళేశ్వరంల సత్రం గదులున్నయి. అవి సుత వద్దనుకుంటె ఒక రాత్రి తక్కువ తిరుగుండ్రి. తిరుగుడు మనది, నడుం ఇంకొకలదా?"

ఫోన్ చేయడానికి వాడికి ధైర్యం చాలలేదు. నేనే చేశాను.

"అదేంది?" అంది ఆడబిడ్డ. "కోడలు పొద్దుగాల్నే పప్పు ఏరి పెట్టింది. మా ఇల్లు మీకు పనికి రాకపాయెనా?"

"ఇల్లు మంచిదే వదినే. ఏరిన పప్పు మీరే దోసెలు పోసుకోండ్రి. పసిపిల్ల తల్లి, ఆ పోరిని జర పండుకోనియ్యిండ్రి."

"నా కోడలు సంగతి నాకు చెప్తున్నవా?"

"చెప్తున్న. నా సంగతి అప్పుడు ఎవలు చెప్పలే. అందుకే చెప్తున్న."

పెట్టేసింది. అరగంటలో మా ఆయన ఫోన్. "మా అక్కను గంత మాటంటవా? ఇంటికి రా, చెప్త" అన్నాడు.

"పదిహేను రోజులకు వస్త. అప్పటిదాక యాద్ పెట్టుకో" అన్నాను. ఆయనకు వండిపెట్టేవాళ్లు ఎవరని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆడబిడ్డ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

తెల్లారి పిల్లలు కారెక్కారు. కోడలు నా దగ్గరికి వచ్చి, "అత్తమ్మా, మీరు రాకుంటె మంచిగుండదు" అంది. మాట నిజమే. కానీ కారులో కూర్చున్నాక దాని ముఖం చూశాను. బయలుదేరాక మొదటిసారి ఎవరి వంటింటికీ పోనక్కర్లేని ముఖం అది. సాయంత్రం మనవరాలు ఫోన్ చేసి, జలపాతం కింద తడిసిన కథంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మరునాడు గోదావరి ఒడ్డు నుంచి చేసింది. నది ఎంత వెడల్పుందో చెప్పమంటే, "అవతలి ఊరోళ్లు చీమలోలె ఉన్నరు నానమ్మా" అంది. నేను ఆ నది చూడలేదు. ఈ వయసు వచ్చేదాకా చూడలేదు, ఇక ఎప్పుడు చూస్తానో తెలియదు. చెల్లెలి దగ్గర ఆగినందుకు బాధ లేదు. మరిది ఆ కాగితం మీది నాలుగు వాక్యాలు ఖాతరు చేసి ఉంటే ఆగాల్సిన పనే లేదు కదా అని మాత్రం మంట. ఆ నాలుగు వాక్యాలు నేనూ దవాఖానలో ఆ పూటే అడిగి చదవాల్సింది. నా వంతు మంట నాకు ఉంది.

ఆ పదిహేను రోజులు నేను పొయ్యి ముట్టలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చెల్లెలికి స్నానం, మందులు, బట్టలు నా పని. వంట మరిదిది.

మొదటి రోజు అన్నం సంగటి అయింది. "వదినే, గిన్ని నీళ్లు సాలునా?" అని అడిగాడు.

"ముప్పై ఏండ్లు తిన్నవు. ఎంత మెత్తగుంటె తిట్టేటోనివో యాదికి తెచ్చుకో."

రెండో రోజు గిన్నెలు ఎత్తేసి హోటల్ నుంచి ఇడ్లీలు పట్టుకొచ్చాడు. తిన్నాం. మూడో రోజూ తెచ్చాడు. నాలుగో రోజు ఆయన కడుపే చెడింది, పొయ్యి వెలిగించాడు. పక్కింటామె గోడ మీదినుంచి తొంగి చూసి, "వదినె కుర్చీల, మరిది పొయ్యి కాడ. మంచిగుందక్కా మీ రాజ్యం" అంది. "నువ్వు సుత రా, ఇంకో కుర్చీ ఉన్నది" అన్నాను. నవ్వి, అటూ ఇటూ చూసి దిగిపోయింది. వారం తిరిగేసరికి ఆయనకు పప్పుచారు కుదిరింది. మనిషి మారాడని నేను రాయను. నా మీద పళ్లు నూరుతూ, గరిటెలు విసురుతూ చేశాడు. చేశాడు, అంతే. నాకు కావలసిందీ అంతే.

కష్టమంతా చెల్లెలితోనే. వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, మోచేతుల మీద లేవబోయేది.

"ఆయన చేతులు కాలుతున్నయక్కా."

"కాలనీ. నీయి కాలలేదా?"

"ఆయనకు అలవాటు లేదు."

"నీకు పుట్టినప్పుడే ఉండెనా?"

గోడ వైపు తిరిగి పడుకునేది. కాసేపటికి మళ్లీ, "పోపుల ఎల్లిపాయ వేసిండో లేదో చూడు" అనేది. రక్తం ఆరో రోజుకు ఆగింది. ఆ సంగతి నాకు చెప్పలేదు, బట్టలు ఉతికేదాన్ని కాబట్టి నాకే తెలిసింది.

తొమ్మిదో రోజు పొద్దున మరిది తమ్ముడు ఫోన్ చేశాడు. మానుకోటలో ఏదో పెళ్లి ఉందట. ఆరుగురు వస్తున్నారట. ఇంటికి వచ్చి స్నానాలు చేసి, బట్టలు మార్చుకుని, ఒక పూట ఉండి పోతారట. మరిది ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మంచం వైపు చూశాడు. చెల్లెలు అప్పటికే తల ఎత్తింది. "రమ్మనుండ్రి, ఎట్లనన్న చేద్దం" అంటోంది. ఆయన నోట్లో ఆ రమ్మనే మాట తయారుగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. నా వైపు ఒక్కసారి చూశాడు. చూసి, "ఆగు, వదినె మాట్లాడుతదట" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. చెడ్డపేరు నా మీదికి తోసేసి మళ్లీ గరిటె పట్టుకున్నాడు. సరే, నా మీదే ఉండనీ అనుకున్నాను.

"మంచిగున్నవా తమ్మీ" అన్నాను. "ఇంట్లకు రాకుండ్రి. మా చెల్లె మంచం మీద ఉన్నది. చూడాలనుంటె ఇద్దరు వచ్చి, ఇంతసేపు కూసొని పోండ్రి. తానాలు ఫంక్షన్ హాల్ల చెయ్యుండ్రి."

"గట్లనా. మా అన్న ఇంటికి రావద్దని మీరు చెప్తున్నరా?" అన్నాడు.

"అవును. నేనే చెప్తున్న."

పెట్టేశాడు. చెల్లెలు దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దుప్పటి లోపలినుంచే అంది: "ఇగ మా గడప ఎవలు తొక్కరు. నీకు సల్లగున్నది గద."

"ఈ ఆరు రోజులు తొక్కకుంటె సాలు" అన్నాను. లేచి మందు డబ్బా తీశాను.

ఆ రోజంతా అది నాతో మాట్లాడలేదు. మందు ఇస్తే మింగింది, నీళ్ల గ్లాసు నా చేతికి ఇవ్వకుండా కిటికీలో పెట్టింది. మాట్లాడకపోతే మానె. మంచం మాత్రం దిగలేదు.